ఉయారాక్ ఒప్పుకున్నాడు

"మా ముసలాయన లేచాడా? లేస్తే ఒకసారి ఇటు పంపండి. బోరు వాళ్ల కోసం దుప్పి మాంసం సూపు పెట్టాను. ఉప్పు ఆయన చూస్తేగాని నాకు కుదరదు."

స్టవ్ పక్కన రేడియోలో నివియాక్ గొంతు వినబడగానే, మంచం మీది పిల్ల దుప్పటిని తలమీదికి లాక్కుంది.

మైరా వంటింట్లోంచి అది చూసింది. శుక్రవారం మీటింగు అయినప్పటినుంచీ ఇదే వరస.

"ఇంకా లేవలేదు అత్తయ్యా. లేవగానే పంపిస్తా," అని మైకు నొక్కి అబద్ధం చెప్పింది.

"నా మొగుడూ అంతే నివియాక్! పొయ్యిలోకి పుల్ల తెమ్మంటే నిద్ర, ఉప్పు చూడమంటే మాత్రం లేస్తాడు," అని మధ్యలో పక్కింటి బెర్తా దూరింది. ఇంకెవరో నవ్వారు. ఇంకెవరో, మా కుక్క కనబడిందా అని అడిగారు. మా ఊళ్లో రేడియో లేని ఇల్లు లేదు. ఒకరు మైకు నొక్కితే ఊరంతా వింటుంది. వినకపోతే మర్యాద కాదు కూడా.

మైరా మైకును కొక్కేనికి తగిలించకుండా బల్ల మీదే పడేసి, మంచం దగ్గరికి వెళ్లింది.

"మామయ్యగారూ, ఇక లేస్తారా తమరు?" అంది సాగదీసి.

ఆ మామయ్యగారికి తొమ్మిదేళ్లు. రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడింది. బడిలో పేరు కోరా. ఆ పేరు టీచరుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. నివియాక్ మొగుడు ఉయారాక్ మంచుతుఫానులో చనిపోయాక, ఆ వసంతంలోనే పుట్టింది కాబట్టి ఆ తాత పేరే పెట్టారు. మాలో పేరు పెట్టడమంటే ఉత్తినే పిలవడానికి కాదు. పోయిన మనిషిని ఇంటికి తెచ్చుకోవడం. అందుకే నివియాక్ ఈ పిల్లను ముసలాయనా అంటుంది, ఏవండీ అంటుంది. ఎవరైనా బాగా వేటాడి మాంసం పంపితే మొదటి ముక్క ఈ పిల్లకే పెడుతుంది. మైరా మొగుడు రోలండ్ కన్న కూతుర్ని నాన్నా అంటాడు. ముద్దుకి కాదు, నిజంగానే. ఉయారాక్ దగ్గర గొడ్డలి పుచ్చుకుని తిరిగివ్వని బెర్తా మొగుడు ఆల్బర్ట్, ఈ పిల్ల ఎదురైతే ఇప్పటికీ పక్కదారి పడతాడు.

మైరా దుప్పటి లాగింది. పక్క తడిసి ఉంది.

పిల్లకు పొడి బట్టలు వేసి, దగ్గర కూర్చోబెట్టుకుంది.

"కడుపునొప్పా?"

పిల్ల ముక్కు ముడిచింది. కాదని.

"నాయనమ్మ ఏమైనా అందా?"

మళ్లీ ముక్కు ముడిచింది.

"మరి వెళ్లి ఆ ఉప్పేదో చూసి రావచ్చుగా. పాపం, నీ కోసం కూర్చుంది."

"నేను చూస్తే ఏం లాభం? ఆయన చూడాలిగా."

"ఆయనెవరే?"

"ముసలాయన."

"నువ్వేగా ముసలాయనవి!"

పిల్ల జడ చివర మెలిపెట్టింది. "కాదేమో అమ్మా."

ఆ మాట మా ఊళ్లో ఏ పిల్ల నోటా రాదు. రాకూడదు.

"ఎవరన్నారు కాదని?"

"ఎవరూ అనలేదు. ఆ రోజు మీటింగులో కనుబొమ్మలు ఎత్తింది నేనే. ఆయన కాదు. నాన్న ఎత్తమన్నాడు."

శుక్రవారం మీటింగులో ఊరంతా ఉంది. కరెంటు సంఘం వాళ్లు దుప్పిగట్టు మీద గాలిమరలు పెడతామని రెండేళ్లుగా తిరుగుతున్నారు. చుట్టుపక్కల అంత గాలి తగిలే చోటు ఇంకొకటి లేదు. కానీ ఉయారాక్ వేటకు వెళ్లి తిరిగిరానిది ఆ గట్టు మీదినుంచే. మంచుబండి దొరికింది, మనిషి దొరకలేదు. నివియాక్ సరే అంటేనే గట్టు మీద మేకు దిగుతుందని సంఘం వాళ్లే మాటిచ్చారు. ఆమె రెండేళ్లూ ఉలకలేదు, పలకలేదు. శుక్రవారం మాత్రం లేచి నిలబడి, ముందు బెంచీ మీద కూర్చున్న పిల్ల వైపు తిరిగి, "ఏవండీ, అక్కడ పడుకుంది మీరు. తవ్వమంటారా?" అని అడిగింది.

పిల్ల కనుబొమ్మలు ఎత్తింది. మా దగ్గర అవునంటే అంతే, నోరు తెరవక్కర్లేదు.

"సరే. ఆయనే ఒప్పుకున్నాక నేనెవర్ని," అని నివియాక్ కూర్చుంది. మర్నాటినుంచి ఆమె హుషారు చూడాలి. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలా ఇల్లంతా తుడిచింది, రొట్టెలు కాల్చింది, మరలకు గుంటలు తవ్వడానికొచ్చిన బోరు వాళ్లు మా ఆయన పిలిచిన చుట్టాలని ఊరందరికీ రేడియోలో చెప్పింది.

"నాన్న ఎప్పుడు చెప్పాడు నీకు?" అంది మైరా.

"ఇంజిన్ల షెడ్డుకి బండి మీద తీసుకెళ్లాడుగా, అప్పుడు. నాయనమ్మ అడిగితే ఎత్తెయ్యి అన్నాడు. ఎత్తకపోతే కరెంటు ఉండదంట, మనం ఊరొదిలి సిటీకి పోవాలంట. నాయనమ్మ రాదంట. ఒక్కతే ఇక్కడ చీకట్లో ఉంటుందంట."

"అలా అన్నాడా?"

"ఎవరికీ చెప్పద్దన్నాడు. అమ్మకి కూడా."

మైరా లేచి వెళ్లి టీ పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు, ఎవరూ అడగలేదు. నీళ్లు మరిగిపోతున్నా స్టవ్ ఆపలేదు.

బయట మంచుబండి వచ్చి ఆగిన చప్పుడు. బయటి చలిగదిలో బూట్లు విదిలించుకున్న చప్పుడు. ఈల వేసుకుంటూ రోలండ్ లోపలికి వచ్చాడు.

ఇంజిన్ల షెడ్డులో డీజిలు కొట్టుకున్న బట్టలు, మీసం మీద మంచు. ఊరి ఇంజిన్లు నడిపేది అతనే. కరెంటు సంఘం బోర్డులో ఊరి తరఫున కూర్చునేదీ అతనే. రెండు చేతుల తొడుగులూ ఊడదీసి బల్ల మీదికి విసిరాడు. ఎలుగుచర్మం తొడుగులు, మంచు పట్టి ఇటుకల్లా ఉన్నాయి. దబ్బున పడ్డాయి.

"బోరు మిషను స్లెడ్జీ గట్టెక్కేసింది! మిషను నిలబెడుతున్నారు. ఒక్క బోల్టు ఊడలేదు తెలుసా? నాకైతే దారి పొడుగునా ప్రాణం గుప్పిట్లోనే ఉంది." స్టవ్ మీద చేతులు కాచుకున్నాడు. "టీ ఇవ్వు. నాన్న ఏడి? లేచాడా?"

మైరా కప్పు ఇవ్వలేదు.

"ఏంటి, ఆ మొహం?"

"నాన్న లేచాడు. పక్క తడిపాడు, లేచాడు."

"మళ్లీనా? క్లినిక్‌కి తీసుకెళ్లకపోయావా?"

"క్లినిక్‌లో మందుంటుందా దానికి? మీటింగుకి ముందు షెడ్డుకి ఎందుకు తీసుకెళ్లావు దాన్ని?"

రోలండ్ చేతులు కాచుకోవడం ఆపలేదు. కానీ ఈల ఆగిపోయింది.

"సరదాగా. ఇంజిన్లు చూస్తానంటే."

"రోలండ్."

"చూస్తానంది మైరా. అడుగు కావాలంటే."

"అడిగాను. అది చెప్పింది. ఇప్పుడు నీ నోటితో వినాలి నేను."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తడిసిన మీసం తుడుచుకున్నాడు. అంతసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొద్దస్తమానం ఏదో ఒకటి వాగే రేడియో కూడా నోరు మూసుకుంది. ఇద్దరూ అది గమనించే స్థితిలో లేరు.

"సరే. చెప్పాను," అన్నాడు. "అమ్మ అడిగితే కనుబొమ్మలెత్తు అని చెప్పాను. ఏం, ఊరికి నిప్పు పెట్టమని చెప్పానా?"

"మనం ఊరొదిలి పోతామని చెప్పావా?"

"చెప్పాను."

"ఎక్కడికి పోతున్నాం మనం? నాకు తెలీదే?"

"ఎక్కడికీ లేదు."

"మరి?"

"పిల్ల కదా. మామూలుగా చెబితే ఒప్పుకోదు. గట్టు దగ్గరికొచ్చేసరికి అది కూడా మా అమ్మలాగే మొండికేస్తుంది."

"అది మొండికెయ్యడం కాదు రోలండ్. అది మీ నాన్న వద్దనడం."

అతను టక్కున తలెత్తి చూశాడు.

మైరా గొంతు ఇప్పటిదాకా నెమ్మదిగానే ఉంది. ఇప్పుడు లేచింది.

"ఆ రోజు జడలు నేనే వేశాను. పూసల కోటు నేనే తొడిగాను. ముందు బెంచీలో కూర్చోబెట్టు, అమ్మకి కనబడాలి అన్నావు. నేను ఎంత మురిసిపోయాను! తండ్రి పేరు మీద ఎంత గౌరవం ఈ మనిషికి అనుకున్నాను. నా చేత్తోనే చేయించావు కదా అంతా. నన్ను కూడా కలిపేశావు కదా నీ దొంగతనంలో!"

"దొంగతనం ఏంటి? ఎవరిల్లు దోచాను?"

"మీ అమ్మ ఇల్లు. అంతకన్నా ఏం మిగిలింది ఆవిడకి?"

"అమ్మ కోసం కాదా చేసింది!" రోలండ్ బల్ల మీద గుద్దాడు. "జనవరిలో ఇంజిను ఆగినప్పుడు ఏమైందో మర్చిపోయావా? ఊరందరం బడిలో ఒకరి మీద ఒకరు పడుకున్నాం. చలికి అమ్మ కాళ్లు నల్లబడ్డాయి. ఆల్బర్ట్ ఊపిరి మిషను కోసం కారు బ్యాటరీలు మోసింది ఎవరు? నేను. ఆ ముసలి ఇంజిన్లతో రోజూ వేగేది ఎవరు? నేను. డీజిలు పడవ ఈసారి మంచులో ఇరుక్కుంటే అడుక్కోవడానికి కూడా ఎవరూ ఉండరు. గాలి ఉంది మనకి. ఊరికే వీస్తోంది. పట్టుకోవడానికి ఒక్క గట్టు కావాలి, అంతే."

"ఆ మాట అత్తయ్యకి చెప్పు."

"చెప్పలేదంటావా? రెండేళ్లు చెప్పాను! మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. 'ఆయన్ని అడుగుతా'. అంతే, అదే మాట. నేల గడ్డకట్టి ఉన్నప్పుడే స్తంభాలు దించాలి. మంచు కరిగిందంటే మిషను బురదలో మునుగుతుంది. ఈ ఏడు కాకపోతే ఆ మరలు కింది ఊరికి ఇచ్చేస్తారు. ఊరంతా ఆగాలి, ఎందుకు? అమ్మ ఎవర్నో అడగాలి. ఎవర్ని అడుగుతుంది? పళ్లూడిన పిల్లని!"

"మీ నాన్నని."

"మా నాన్న చచ్చిపోయాడు మైరా!"

రోలండ్ లేచి నిలబడ్డాడు.

"ఆ గట్టు మీద మంచులో చచ్చిపోయాడు. మంచు కరిగేదాకా వెతికాను నేను. నువ్వు కాదు, అమ్మ కాదు. నేను. కర్రతో గుచ్చుకుంటూ, ఒక్కొక్క గుంటా. ఒక్క తొడుగు కూడా దొరకలేదు. నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు ఆయన లేడని. ఇది నా కూతురు. నాన్న కాదు. పేరు పెట్టినంత మాత్రాన మనిషి తిరిగొచ్చేస్తాడా? అమ్మ ఏడుస్తుందని ఊరంతా కలిసి నాటకం ఆడుతున్నాం. నువ్వూ ఆడుతున్నావు."

"నేను ఆడటం లేదు," అంది మైరా.



రోలండ్‌ది ఉత్త స్వార్థమని నేననను. ఆ గట్టు మీద అతను వెతకడం మేమంతా చూశాం. కానీ వెతికి వెతికి ఇంటికొచ్చిన మనిషి, ఇంట్లో ఊయలలో ఉన్న తండ్రిని ఒక్కరోజూ నమ్మలేదని ఎవరికి తెలుసు? ఇన్నేళ్లూ ఆ పిల్లను భుజాన ఎత్తుకుని ఊరంతా తిప్పాడే!

"మరి నన్ను నాన్నా అని ఎందుకు పిలుస్తావు?"

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఒక మేజోడు, కాలికి ఒక మేజోడు.

రోలండ్ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాపాడు. పిల్ల వెళ్లలేదు. తల్లి వెనక్కి జరిగింది.

అప్పుడు చలిగది తలుపు దబదబా కొట్టుకుంది. కోటు లేదు, టోపీ లేదు. పిండి చేతులతో, ఇంట్లో తిరిగే చెప్పులతో, మంచులో పరుగెత్తుకుంటూ బెర్తా లోపలికి పడింది. ఆయాసంతో మాట రావడం లేదు. వేలు చూపిస్తోంది.

"తియ్యి! తియ్యరా ముందు!"

"ఏంటి బెర్తా పిన్నీ?"

"తొడుగులు! తొడుగులు తియ్యరా దరిద్రుడా!"

మైరాకి ముందు అర్థమైంది. ఒక్క అంగలో వెళ్లి బల్ల మీది తొడుగులు ఎత్తింది. కింద మైకు ఉంది. మీట నొక్కుకుపోయి ఉంది.

తొడుగులు ఎత్తగానే రేడియో గరగరమంది. తర్వాత ఏమీ లేదు. ఒక్కరూ మాట్లాడటం లేదు. కుక్కను వెతికేవాళ్లు లేరు, రొట్టె అమ్మేవాళ్లు లేరు. ఇన్ని ఇళ్లలో ఇంత మంది మైకు పక్కన నోరెత్తకుండా కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు రోలండ్.

"స్లెడ్జీ గట్టెక్కిందన్నావు చూడు, అక్కణ్నుంచి. నేను మైకులో అరుస్తూనే ఉన్నాను, మీది నొక్కి ఉంటే మీకెలా వినబడుతుంది? ఆల్బర్ట్ పరుగెత్తలేడు. పిండి వదిలేసి నేనే వచ్చాను." బెర్తా గోడకు ఆనుకుని జారి కూర్చుంది. ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి కళ్లు తుడుచుకుంది. "ఎంత మాట అన్నావురా! ఎవరైనా ఇంట్లో అనుకునే మాటా అది?"

"అమ్మ..."

"మీ అమ్మ రేడియో కట్టేసింది ఎప్పుడైనా విన్నావా నువ్వు?"

రోలండ్ కోటు అందుకున్నాడు. ఒక చెయ్యి తొడిగాడో లేదో, చలిగదిలో అడుగులు వినబడ్డాయి. నెమ్మదైన అడుగులు. తలుపు తీసుకుని నివియాక్ వచ్చింది.

రెండు చేతులతో సూపు గిన్నె పట్టుకుని ఉంది. గుడ్డ చుట్టి, మూత కట్టి తెచ్చింది. తిన్నగా వెళ్లి స్టవ్ మీద పెట్టింది. మరిగి అడుగంటిన టీ గిన్నెను పక్కకు దించి, మంట తగ్గించింది.

"బోరు వాళ్లకి నువ్వు పంపించు అమ్మాయ్," అంది మైరాతో. "పాపం, వాళ్లేం చేశారు. ఉప్పు ఎవరూ చూడలేదు. తక్కువైతే వేసుకోమను."

కోటు విప్పలేదు. కుర్చీలో కూర్చుంది. ఆమె మొహం మీద కోపం వెతికాను అని బెర్తా తర్వాత నాతో అంది. కోపం ఉంటే బాగుండేదంది.

"అమ్మా," అన్నాడు రోలండ్.

ఆమె అతని వైపు చూడలేదు.

"అమ్మా, నేనేదో కోపంలో..."

"నీతో తర్వాత మాట్లాడతా." పిల్ల వైపు చెయ్యి చాపింది. "ఇటు రా."

పిల్ల వచ్చింది. ఒక కాలికి మేజోడు లేదని చూసి, నివియాక్ దాని చేతిలోది తీసుకుని తొడిగింది. మడమ దగ్గర సరిచేసింది. తర్వాత దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఒక్క మాట అడుగుతాను. ఏం చెప్పినా నమ్ముతాను, కోప్పడను. ఆ రోజు కనుబొమ్మలెత్తింది ఎవరు? ఆయనా, నువ్వా?"

పిల్ల తండ్రి వైపు చూసింది.

ఆయనే అంటే అయిపోతుంది. ఒక్కసారి కనుబొమ్మలెత్తితే చాలు. గట్టు మీద మరలు తిరుగుతాయి, నాయనమ్మ మళ్లీ ఏవండీ అంటుంది, అమ్మా నాన్నా పోట్లాట మానేస్తారు. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు, తొమ్మిదేళ్ల పిల్లకు కూడా. రోలండ్ అయితే ఆగలేకపోయాడు.

"ఆయనే అమ్మా. నేనేదో అన్నానుగానీ, ఆ క్షణంలో ఆయనే..."

"నోర్ముయ్!" అంది మైరా. పెళ్లయిన ఇన్నేళ్లలో అతన్ని ఆమె ఆ మాట అనడం ఎవరూ వినలేదు.

పిల్ల నాయనమ్మ మొహంలోకి చూసింది.

"నేనే," అంది. "నిన్ను ఒక్కదాన్నే వదిలేసి వెళ్లాలన్నారు. నాకిష్టం లేదు. అందుకని నేనే ఎత్తాను."

నివియాక్ తల ఊపింది. పిల్ల జడ వదులైతే బిగించింది. చెంప నిమిరింది.

"మంచిదానివి. నిజం చెప్పావు. నీ తప్పేం లేదు, కోరా."

బెర్తా చేత్తో నోరు మూసుకుంది.

పిల్లకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత మొహం ఎర్రగా అయిపోయింది. "అలా పిలవకు నాయనమ్మా. టీచరు పిలుస్తుంది అలా."

"మరేమని పిలవను?"

"ముసలాయనా అను. ఎప్పుడూ అన్నట్టే."

నివియాక్ ప్రయత్నించింది. నిజంగానే ప్రయత్నించింది, పెదవులు కదిలాయి. మాట రాలేదు. పిల్ల చేతులు వదిలేసి మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచింది.

"అమ్మా, వినమ్మా," రోలండ్ తలుపుకి అడ్డంగా వచ్చాడు. "నన్ను కొట్టు, తిట్టు. ఇంకెప్పుడూ నీ గుమ్మం తొక్కద్దను. కానీ మిషను గట్టెక్కేసింది. ఊరందరి ముందు నువ్వు మాటిచ్చావు."

అప్పుడు చూసింది ఆమె కొడుకు వైపు.

"ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలుసా? ఆయన ఇంటికొచ్చేశాడు కదా, ఇంకా ఆ గట్టు మీద ఏముంది అనుకున్నాను. ఉత్త మంచే కదా, తవ్వుకోనీ అనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి, రాత్రి గాలి వీస్తే భయం వెయ్యలేదు నాకు. మా ఆయనకి చలేస్తుందేమో అని అనిపించలేదు. మొన్నటినుంచి హాయిగా నిద్రపోయాను రోలండ్."

"అమ్మా..."

"ఆయన ఇక్కడ లేడని నువ్వే చెప్పావు. ఊరందరికీ చెప్పావు. పిల్ల కూడా అదే చెప్పింది. అయితే ఇంకా అక్కడే ఉన్నాడన్నమాట."

అప్పుడే గట్టు వైపునుంచి ఒక మోత వినబడింది. మొదట సన్నగా. తర్వాత కిటికీ అద్దం అదిరేలా.

"రేపు కదా అన్నావు!" అంది మైరా.

"వాతావరణం తేటగా ఉందని... ఇవాళే ఒక గుంట వేసి చూద్దామన్నారు." రోలండ్ కిటికీ వైపు చూశాడు. "నేనే సరే అన్నాను."

నివియాక్ కొడుకుని పక్కకు జరపలేదు. అతను అక్కడ లేనట్టే, సందులోంచి చలిగదిలోకి వెళ్లింది. కోటు టోపీ బిగించి ముడి వేసుకుంది. బయటి తలుపు తీసి మంచులోకి దిగింది.

ఎదురిళ్ల కిటికీల్లో మొహాలు కనబడ్డాయి. ఎవరూ బయటికి రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తారు? ఆమె ఊరి దారి వదిలి, గట్టు వైపు స్లెడ్జీ వేసిన కొత్త జాడలో నడిచింది. బోరు మోత ఎక్కువైన కొద్దీ ఆమె నడక వేగం కూడా పెరిగింది.

మైరా బూట్లు వేసుకుంటోంది. రోలండ్ బండి తాళం కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. వాళ్లిద్దరినీ దాటుకుని పిల్ల పరుగెత్తింది. కోటు లేదు. బూట్లు లేవు. ఉత్త మేజోళ్లతో మంచులోకి దూకింది.

"నాయనమ్మా!"

ఆమె ఆగలేదు.

"నాయనమ్మా, ఆగు!"

టోపీ ముడి వేసుకున్న తల తిరగలేదు. వినబడిందో లేదో కూడా తెలియదు.

పిల్ల మంచులో మోకాలిదాకా కూరుకుపోయి నిలబడింది. ఊపిరి పీల్చుకుంది. తర్వాత పిలిచిన పిలుపు కిటికీల వెనక ఉన్నవాళ్లు కూడా విన్నారు.

"నివీ! నేనక్కడ లేను. ఇక్కడున్నాను."

ఆమెను అలా పిలిచినవాడు ఉయారాక్ ఒక్కడే. అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఆ పిలుపు ఈ పిల్లకు ఎవరు చెప్పారో, అసలు ఎవరైనా చెప్పారో లేదో, ఇది రాస్తున్న నాకూ తెలియదు.

నివియాక్ ఆగింది. అడుగు తీసి అడుగు వెయ్యకుండా, అక్కడే, జాడ మధ్యలో నిలబడిపోయింది. వెనక్కి తిరుగుతుందనుకున్నాం.

తిరగలేదు. గట్టు వైపే చూస్తూ అడిగింది.

"ఇది కూడా మీ నాన్నే నేర్పాడా?"